తొమ్మిది నలభై నీడ

"పోలీసులు పట్టుకపోయిన కుమ్మరి ఇల్లు ఏడుంది?"

బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు బెల్లంపల్లి స్టేషన్లో ప్యాసింజరు దిగుతూనే డిటెక్టివ్ అంతయ్య అడిగిన మొదటి ప్రశ్న ఇది. పేరులో బెల్లం ఉన్నా ఆ ఊళ్లో దిగినవాడి నోట్లో ముందు పడేది బొగ్గుపొడే. అంతయ్య దాన్ని ఉమ్మేసి, ప్లాట్‌ఫారం చివర కుండలు దింపుకుంటున్న ముసలాయన్ని మళ్లీ అడిగాడు.

"ఊళ్లె కుమ్మరోన్ని నేనొక్కన్నే దొరా. ఇస్తారి అంటరు. నన్నెప్పుడు పట్టుకపోయిండ్రు?"

"నిన్ననేనట."

"గట్లనా?" ఇస్తారి తన చేతులు రెండూ తిప్పితిప్పి చూసుకున్నాడు. "నాకు ఒక్కడు గూడ చెప్పలే!"

అంతయ్యకు యాభై దాటాయి. పొట్ట మనిషి కన్నా ఒక అడుగు ముందు నడుస్తుంది. నిజాం కాలంలో కరీంనగర్ ఠాణాలో రాతకోతల ముహర్రిర్. పోలీస్ యాక్షన్‌తో ఆ కొలువు పోయింది. "నిజాం పోయిండు, నా కొలువు పోయింది, ఇగ నిజం ఒక్కటి మిగిలింది, దాన్నే పట్టుకున్న" అని చెప్పుకుంటూ పదమూడేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నాడు. నిన్న సాయంత్రం గరగరలాడే ట్రంకు కాల్‌లో కిష్టవ్వ ఏడుపు మధ్య ఆయనకు వినబడ్డది ఒక్క ముక్కే: కుమ్మరను పట్టుకపోయిండ్రు, అన్నా, జల్ది రా.

ఆ కిష్టవ్వే ఇప్పుడు గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. ఠాణాలో అంతయ్యతో కలిసి పనిచేసి చనిపోయిన జవాను భార్య. చేతిలో కొడుకు ఫొటోలు కట్టిన గుడ్డమూట.

"అన్నా, పదకొండు గంటల బండికి నా కొడుకును ఆసిఫాబాద్ కోర్టుకు తోల్కపోతరట. ఆడికెళ్లి జైలుకేనట. కొండల్ చీమను గూడ చంపడు, నీకెరుకే గద!"

"కొండల్‌నా? మరి కుమ్మరి?"

"ఏ కుమ్మరి?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తేల్చుకునే తీరిక లేదు. అంతయ్య ఠాణా వైపు అడుగేశాడు. ఇస్తారి కుండలు అక్కడే వదిలేసి వెంటబడ్డాడు. "పోలీసోళ్ల నోట్లె నా పేరెందుకు వడ్డదో తేలేదాంక నేను మీ ఎంబడే ఉంట."

దారిలో కిష్టవ్వ చెప్పింది ఇదీ. లాంపు రూములో గని కార్మికులకు దీపాలు ఇచ్చి, వాళ్ల గుర్తింపు కార్డులు చూసే గుమస్తా భూమన్న శనివారం సాయంత్రం సైకిలెక్కి ఇంట్లోంచి పోయి తిరిగి రాలేదు. నిన్న, మంగళవారం పొద్దున, పాత దొరల బొందలగడ్డలో కాటికాపరి పోశంకు ఒక మట్టిదిబ్బ అనుమానంగా కనబడ్డది. పోలీసులు తవ్వితే భూమన్న బయటపడ్డాడు. తల వెనక పగిలి ఉంది. పది గంటలకల్లా గనిలో పంపు నడిపే కొండల్‌ను పట్టుకున్నారు.

ఠాణాలో ఎస్సైది కృష్ణా జిల్లా. మూడు నెలల కింద బదిలీ మీద వచ్చాడు. అన్నిటికీ 'ఎస్' అని, దేనికైనా 'సై' అనే రకం కాదు. కొత్త బూటులాగా బిగుసుకుని ఉన్నాడు.

"మీకిక్కడేం పనండీ?"

"మీరు చేసిన పని చూసే పని."

"కేసు తేలిపోయింది. శుక్రవారం లాంపు రూములో వీడికీ భూమన్నకీ తగాదా అయింది. దీపం సరిగా వెలగలేదని చొక్కా పట్టుకున్నాడు. సోమవారం తెల్లవారుజామున వీణ్ణి ఆ శ్మశానంలో ఇద్దరు చూశారు. ఇంకేం కావాలి?"

"శనివారం మాయమైన మనిషిని సోమవారం చంపిండా?"

"శనివారం మధ్యాహ్నం నుంచీ వీడు పెద్దపల్లిలో అక్కగారింట్లో ఉన్నాడు. మేనల్లుడి పుట్టువెంట్రుకలట. ఆదివారం పొద్దున్న తొమ్మిది అయిదు బండికి దిగాడు. నేను స్వయంగా విచారించాను, అబద్ధం కాదు. అందుకే శనివారం అనటం లేదు, సోమవారం అంటున్నాను."

"మరి రెండు రోజులు భూమన్న ఏడున్నడు? కొండల్ ఆయన్ను ఇంట్ల పెట్టి తాళమేసి పుట్టువెంట్రుకలకు పోయిండా?"

ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి. సొరుగు లాగి ఒక ఫొటో బల్ల మీద కొట్టాడు. "మాటలతో వెంట్రుకలు చీల్చకండి. ఇది చూడండి."

నలుపు తెలుపు ఫొటో. రాతి శిలువ ఒకటి, దాని నీడ, పక్కన పెద్ద బండ సమాధి, వెనకాల ప్రహరీ గోడ.

"ఆదివారం తొమ్మిది నలభైకి వీడు తీసిన ఫొటో, స్టూడియో నుంచి నిన్న తెప్పించాను. టైము వీడి నోటుబుక్కులోనే రాసుకున్నాడు. శిలువ వెనకాల భూమన్న శవం దొరికిన చోటు ఇదే. నేల చదునుగా ఉందా? దిబ్బ లేదుగా? అంటే అప్పటికింకా పాతిపెట్టలేదు. ఆ తరవాత అక్కడ తచ్చాడినవాడు వీడొక్కడే. తన ఫొటోతో తానే పడ్డాడు!"

అంతయ్య ఫొటోను చాలాసేపు చూసి, నోటుబుక్కు పుటలు తిప్పి, "అబద్ధమాడని సాక్షి అన్నట్టు" అని గొణిగాడు. తరవాత కటకటాల దగ్గరికి పోయాడు.

కొండల్‌కు ఇరవై ఆరేళ్లు. ఒక్క రాత్రిలో బుగ్గలు లోపలికి పోయాయి.

"మామా, నాకు నా కండ్ల మీదనే అనుమానమొస్తంది. ఆదివారం నేను పోయేసరికి మట్టికుప్ప ఉండె. ఎవలో లేనోళ్లు పీనుగును పెట్టిండ్రనుకున్న. అది గూడ పడేటట్టే ఫొటో గుంజిన. ఫొటోల చూస్తె లేదు! ఎట్ల పోయింది మామా?"

"బొందలగడ్డల ఫొటోలేందిరా నీకు? బతికున్నోళ్లు దొరకలేదా?"

"హనుమండ్లు సార్ దగ్గర నేర్చుకుంటున్న గద. ఊళ్లె స్టూడియో ఆయనది. బయట ఎండల ఫొటో తీసుడు నేర్వాల్నంటె ముందుగాల బొందల కాడ నేర్వాలె అంటడు. అవి కదలయి, రెప్ప కొట్టయి, నా మొకం నల్లగొచ్చిందని కొట్లాడయి. ప్రతి ఆదివారం గదే శిలువ, గన్నే అడుగులు. వెలుగు ఒక్కటే మారాలె. టైము, ఎండనా మబ్బా, అన్ని బుక్కుల రాయాలె. రాయకుంటె రీలు కడగడు." కొండల్ కటకటాలు పట్టుకున్నాడు. "గని లోపల ఎనిమిది గంటలు చీకట్ల ఉంట మామా. మీదికొచ్చినంక గా వెలుగును పట్టుకునుడు నేర్చుకోవాలనుకున్న. గంతే నేను చేసిన తప్పు."

"సోమవారం తెల్లారంగ ఎందుకు పోయినవ్?"

"సారే పొమ్మన్నడు. పొద్దుపొడుపు వెలుగు మెత్తగుంటది, చూసి రా అన్నడు. మంచు వడుతుంటే ఉత్తగనే వచ్చిన."

 అంతయ్య ఎస్సై వైపు తిరిగాడు. గడియారంలో తొమ్మిది కావస్తోంది.

"ఒక్క గంట. పోరన్ని తీస్కొని గా జాగకు పోదాం. తొమ్మిది నలభైకి నా మాట తప్పయితె మీ బండికి టికెటు నేనే కొంట."

"ఎలాగూ ఫొటోగ్రాఫరు అక్కడే ఉన్నాడు, గొయ్యి ఫొటోలు తీస్తున్నాడు. రండి. మీ ముచ్చట కూడా తీరుస్తాను" అన్నాడు ఎస్సై.

దొరల కాలంలో గని తవ్వించిన తెల్లవాళ్లవి పాతిక ముప్ఫై సమాధులు. జ్వరాలతో పోయినవాళ్లు, పైకప్పు కూలి పోయినవాళ్లు, ఏడాది నిండని పిల్లలు. రాళ్ల మీద అక్షరాల్లోకి బొగ్గుమసి చేరి, పేర్లు చనిపోయినవాళ్ల కంటే ఎక్కువగా చనిపోయాయి. ఆకాశం ఆ పొద్దున బూడిద పూసుకుని ఉంది. ఎండ జాడ లేదు. నీడ కోసం వచ్చినవాడికి ఎండే ఎదురుతిరిగింది.

తవ్వి వదిలేసిన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. దాని ఎదుట మూడుకాళ్ల పెద్ద కెమెరా. నల్లగుడ్డ కిందనుంచి హనుమండ్లు తల బయటపెట్టాడు. నలభై ఏళ్లవాడు, మెత్తని మాట, మందుల్లో నాని గోధుమరంగుకు తిరిగిన వేళ్లు. సంకెళ్లతో వచ్చిన కొండల్‌ను చూసి కళ్లు దించుకున్నాడు.

"పోరడు మంచోడే సార్. జర కోపం ఎక్కువ. ఎట్ల జేసిండో, ఏమో."

అంతయ్య ఆయన్ను దాటి పోయాడు. కాటికాపరి పోశంను పిలిచాడు. "నీకు అనుమానమెట్ల వచ్చింది?"

"నేను రోజు గీ మూలకు రాను బాంచెన్, ఊరవతల మా కొత్త బొందలగడ్డల ఉంట. నిన్న మ్యాక తప్పించుకొస్తె వచ్చిన. దిబ్బ మీద తుమ్మకంప లేదు. కంప ఎయ్యకుంటె నక్కలు గుంజవా? నీళ్లకుండ పగలగొట్టిన పెంకు ఒక్కటి లేదు. దిబ్బ గీ దొరల బొందల లెక్క తూర్పు పడమర ఉన్నది. మావోళ్లు తల దక్షిణం దిక్కు పెడ్తరు. పక్క బొందల జూసి గట్లనే తవ్విండెవడో. మా పని తెల్వనోడు."

"అవు" అన్నాడు ఇస్తారి వెనకనుంచి. "గీ నెల నా కాడ సావుకుండ ఒక్కలు గూడ కొనలే."

"ఇవన్నీ కొండల్‌కి మాత్రం తెలుసా?" ఎస్సై విసుగ్గా గడియారం చూశాడు. "తొమ్మిది ముప్ఫై. మీ నీడలూ జాడలూ కానివ్వండి."

అంతయ్య కొండల్‌ను ఎప్పుడూ నిలబడే చోట నిలబెట్టాడు. శిలువ నుంచి పన్నెండు అడుగుల లెక్క. ఎస్సై చేతికి ఫొటో, కొండల్ నోటుబుక్కు ఇచ్చాడు. "గీడ నిలబడి చూడుండ్రి. గోడ, శిలువ, బండ, అన్ని సరిపోయినయా?"

"సరిపోయాయి."

"ఫొటోల శిలువ నీడ ఏడిదాంక పోయింది?"

ఎస్సై ఫొటో కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. "పక్కనున్న బండ మీదికెక్కింది."

"ఇస్తారీ, నీ దగ్గర దారముందా?"

సారె మీద కుండను అడుగు కోసి దింపే దారం ఇస్తారి మొలలో ఎప్పుడూ ఉంటుంది. ముడులు పెట్టి, శిలువ మొదలు నుంచి బండ అంచు దాకా కొలిచాడు. ఎనిమిది మూరలు.

తొమ్మిది ముప్ఫై అయిదు. మబ్బు కదల్లేదు. కిష్టవ్వ గుడ్డమూటను గుండెకు అదుముకుని ఆకాశం వైపు చూస్తోంది. ఎస్సై జవాన్లతో, "జీపు తిప్పండి" అన్నాడు. ముప్ఫై ఏడు. హనుమండ్లు నల్లగుడ్డ సర్దుకుంటూ, "ఎండ రాదు సార్ ఇయ్యాల" అన్నాడు. వెలుగు సంగతి తెలిసినవాడి మాట.

ముప్ఫై తొమ్మిదికి మబ్బు అంచు చిరిగింది. పలచని ఎండ శిలువ మీద పడ్డది. నేల మీద నల్లని చేయి ఒకటి చాచుకుని ఆగింది.

బండను తాకలేదు. సగం దారిలోనే ఆగిపోయింది.

ఇస్తారి వంగి కొలిచాడు. "నాలుగు మూరలు దొరా. ఇగో ముడి."

ఎస్సై గడియారం చూశాడు. నీడను చూశాడు. ఫొటో చూశాడు. "మూడు రోజుల్లో సూర్యుడు అంత మారడు..." అని మొదలుపెట్టి, చటుక్కున తేరుకున్నాడు. "వీడు టైము తప్పు రాశాడు! ఎనిమిదింటికి తీసి తొమ్మిది నలభై అని రాసుకున్నాడు. పొద్దు తక్కువెక్కితే నీడ పొడుగుంటుంది."

"ఆదివారం ఎనిమిదింటికి కొండల్ ఏడున్నడు?"

ఎస్సై ఫొటో పట్టుకున్న చేయి దించాడు. 

"రైల్ల ఉన్నడు. తొమ్మిది అయిదుకు దిగిండు. మీరే స్వయంగ విచారించిండ్రు, అబద్ధం కాదన్నరు. రైల్ల కూసున్నోడు బొందలగడ్డల ఫొటో ఎట్ల గుంజుతడు సార్?"

గాలికి నల్లగుడ్డ టపటపలాడింది. 

"మరి... ఇది ఎప్పటి ఫొటో?"

"నోటుబుక్కుల ఇంకో పుట తిప్పుండ్రి. పోయిన వారం ఆదివారం. ఎనిమిది పది, ఎండ. చెల్లె, నీ మూట ఇప్పు."

కిష్టవ్వ మూటలో కొడుకు తెచ్చి ఇచ్చిన ఫొటోలన్నీ ఉన్నాయి. పోయిన వారం శిలువ ఫొటో తీసి అంతయ్య ఎస్సై చేతిలోని ఫొటో పక్కన పట్టాడు. రెండింటిలోనూ నీడ బండ మీద అదే పగులు దగ్గర ఆగింది. ఎస్సై చేతిలోనిదాని అంచులు కాస్త కోసి చిన్నగా చేశారు, అంతే.

"పాత నెగటివ్ నుంచి కొత్తగ దించిన ఫొటో గిది. ఆదివారం నాటి అసలు ఫొటోల దిబ్బ పడ్డది. దాన్ని దాచి, దిబ్బ లేనిది మీకిచ్చిండు. అటెనుక, ఎవలన్న చూస్తరని, సోమవారం తెల్లారంగ పోరన్ని గీడికి తోలిండు. రీలు కడిగిందెవరు, ఫొటో అచ్చు వేసిందెవరు, పొమ్మన్నదెవరు?"

అందరి తలలూ మూడుకాళ్ల కెమెరా వైపు తిరిగాయి. నల్లగుడ్డ కిందికి పోయిన తల బయటికి రాలేదు. గుడ్డ లోపలి నుంచే గొంతు వచ్చింది.

"నెగటివ్‌లు కలిసిపోయినయి సార్. పొరపాటయింది."

"అయితె ఆదివారంది ఏది?"

"చెడిపోయింది. పారేసిన."

"సార్!" కొండల్ సంకెళ్ల చేతులతో ఒక అడుగు ముందుకు వేశాడు. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "మీరు నెగటివ్ పారేస్తరా? మొదటి దినం మీరే చెప్పిండ్రు గద, చెడిపోయినా పారెయ్యద్దు, ఏడ చెడిందో అదే చెప్తదని. నా మొదటి రీలు మొత్తం నల్లగొస్తె గూడ దాచిపెట్టిండ్రు. మీరు పారెయ్యరు సార్."

హనుమండ్లు తల బయటపెట్టాడు. ఎస్సై ఈసారి ఎవరూ చెప్పకుండానే కదిలాడు. కెమెరా సంచి తిరగేశాడు. గాజు పలకల అడుగున, పల్చని కాగితపు కవరులో, ఒకే ఒక ఫిల్మ్ ముక్క. ఆకాశానికి ఎత్తి పట్టాడు.

నెగటివ్‌లో లోకం తిరగబడి ఉంటుంది. నల్లని శిలువ తెల్లని నీడతో నిలబడి ఉంది. ఆ నీడ సగం దారిలోనే ఆగింది. వెనకాల, కొత్తగా తవ్వి పోసిన నల్లమట్టి దిబ్బ, తెల్లగా వెలిగిపోతోంది.

"కాలబెడదామనుకున్న" అన్నాడు హనుమండ్లు. ఎవరి వైపూ చూడలేదు. "అగ్గిపుల్ల గూడ గీసిన. బుద్ధి గాలే. నా కాడ ఏడెనిమిది మంది నేర్చుకున్నరు. గింత మంచి ఫొటో ఒక్కడు గుంజలే."

కొండల్ మొహం తిప్పుకున్నాడు. అంతయ్య నాలుక మీదికి ఒక చమత్కారం వచ్చింది. మింగేశాడు.

"భూమన్నను ఎందుకు చంపినవ్?"

"కార్డులు. గనిల సచ్చిపోయినోళ్ల కార్డులు భూమన్న దాచేటోడు. పాత ఫొటో తీసి కొత్త మొకం నేను అంటించేటోన్ని. సచ్చినోని పేరు మీద బతికినోడు కొలువు జేస్తడు. పదకొండు మందికి జేసినం. శనివారం వచ్చి, నాకు నిద్ర వడతలేదు, మేనేజరుకు చెప్తనన్నడు. మాటా మాటా పెరిగింది..."

"ఒక్కనివే గిన్ని దూరం మోసుకొచ్చి, మూడు మూరల బొంద తవ్వినవా?"

హనుమండ్లు నల్లగుడ్డ అంచును గోధుమరంగు వేళ్లకు చుట్టుకున్నాడు. "పార పట్టింది నేను కాదు. పదకొండు మందిల ఒకడు."

"పేరు?" ఎస్సై గర్జించాడు.

"ఏ పేరు చెప్పాలె సార్? ఆని పేరు నాకు తెల్వదు. ఆడు పెట్టుకున్న సచ్చినోని పేరు చెప్తె, గా సచ్చినాయన ఊరవతలి కొత్త గడ్డల పండుకున్నడు." గొంతు తగ్గించాడు. "నా భార్యాపిల్లలు ఇంటికాడున్నరు. ఆనికి ఎరుకే. ఇంతకంటె నన్ను అడగకుండ్రి."

ఎస్సై జీపులో ఇద్దరు జవాన్లను హనుమండ్లు ఇంటికి పరుగెత్తించాడు. తరవాత తానే వచ్చి కొండల్ సంకెళ్లు విప్పాడు. కిష్టవ్వ కొడుకు మణికట్లు రెండూ కొంగుతో తుడిచింది. తుడిచి, కళ్లు మండుతుంటే ఎస్సై మీదికి తిరిగింది.

"నా కొడుకు కామ్ర గూడ ఇయ్యుండ్రి. నిన్న కామ్రను గూడ పట్టుకపోతిరి గద!"

అంతయ్య ఆమె వైపు తిరిగాడు. "చెల్లె, ఏమన్నవ్? మల్లొకసారి అను."

"కామ్ర అన్న. ఫొటోలు గుంజేది. ఫోన్ల గూడ మొత్తుకున్న గద, కొండల్‌ను పట్టుకపోయిండ్రు, కామ్రను గూడ పట్టుకపోయిండ్రని."

"ఓర్నీ!" అంతయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఎస్సై గారూ, పోశం, అందరు వినుండ్రి. ఈమె కెమెరాను కామ్ర అన్నది, ఫోను గరగరల నాకు కుమ్మర అని వినవడ్డది. పాపం గీ ఇస్తారిని పొద్దుగాల నుంచి ఉత్తపుణ్యానికి అరెస్టు జేసి తిప్పుతున్న. ఇస్తారీ, నీ మీద కేసు కొట్టేసిన. పో, నీ కుండలు అమ్ముకో."

ఆ గడ్డ మీద ఎన్నేళ్లకో నలుగురు నవ్విన చప్పుడు వినబడ్డది. ఎస్సై కూడా మీసం కింద నవ్వాడు. ఇస్తారి మాత్రం నవ్వలేదు. దారం ముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ తెరిచి ఉన్న గొయ్యి వైపు చూస్తున్నాడు.

"తప్పు వినవడితె వినవడ్డది గని దొరా, పని నాదే ఉన్నది. దవాఖానకెళ్లి భూమన్నను ఇయ్యాల ఇస్తరట గద. మొదటిసారి కుండ లేకుంటనే పెట్టిండ్రు. ఈసారన్న సక్కగ పోవాలె." మొలలో దారం దోపుకున్నాడు. తల ఎత్తి, సమాధుల అవతల, గని మీద తిరుగుతున్న ఇనుప చక్రం వైపు చూశాడు. చచ్చిపోయిన పదకొండు పేర్లు ఆ చక్రం కిందనుంచే రోజూ దీపాలు పట్టుకుని లోపలికి దిగుతున్నాయి. అందులో ఒకడి చేతికి ఈ గొయ్యి మట్టి ఇంకా అంటుకునే ఉంటుంది.

"ఎన్ని కుండలు తేవాలె దొరా?"

అంతయ్య కూడా ఆ చక్రాన్నే చూస్తున్నాడు. 

"ఇప్పటికైతె ఒక్కటే తే."